తుడిచే అధికారం ఎవరిది? ఇంటి నెట్‌వర్క్‌లో బ్యాకప్ డ్రైవ్ పెట్టేముందు

చాలా ఇళ్లలో ఇంటర్నెట్ రూటర్ ఉండే చోటు ఒకటే: గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ పైన, ఫైబర్ వైరు గోడలోంచి ఎక్కడ బయటికొస్తే అక్కడ. చాలా మోడళ్లలో దాని వెనక ఒక యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది. దానికో హార్డ్‌డిస్క్ తగిలించి, రూటర్ సెట్టింగ్స్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే ఆ డిస్క్ ఇంట్లో ప్రతి కంప్యూటర్‌లోనూ కనిపిస్తుంది. విండోస్‌లో 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' నొక్కి జెడ్ అనే అక్షరం ఇస్తే సి, డి డ్రైవుల పక్కన అదీ వరసలో చేరిపోతుంది. పది నిమిషాల పని. ఫొటోలన్నీ అందులోకి లాగి పడేస్తే, హమ్మయ్య, బ్యాకప్ అయిపోయింది.

కానీ జెడ్ డ్రైవ్ గుమ్మం దగ్గరున్నా, బీరువా మీదున్నా కంప్యూటర్‌కు తేడా తెలీదు. దాని లెక్కలో అది ఇంకో డ్రైవ్, అంతే. సి డ్రైవ్‌లో ఫైల్ తుడవగలిగిన ప్రోగ్రామ్ జెడ్‌లోనూ తుడవగలదు. ఇంట్లో ఎవరో ఫ్రీగా వస్తోంది కదా అని ఒక క్రాక్డ్ సాఫ్ట్‌వేర్ దింపుకుంటారు. దాని వెంట వచ్చిన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కనిపించిన డ్రైవునల్లా వెతుక్కుంటూ పోతుంది. సి అయ్యాక డి, డి అయ్యాక జెడ్. అసలు ఫొటోలకూ, బ్యాకప్ అనుకున్న ఫొటోలకూ ఒకే రాత్రి ఒకే తాళం పడుతుంది.

డిస్క్ కొనేటప్పుడు ఎన్ని టెరాబైట్లు, ఏ కంపెనీ అని అందరూ అడుగుతారు. అందులో పడిన ఫైళ్లను తుడిచే అధికారం ఎవరెవరికి ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. నెట్‌వర్క్ బ్యాకప్‌లో మంచీచెడూ దాదాపుగా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

పాత భాష మాట్లాడే పెట్టెలు

విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో బయటపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ భాష నేర్చుకుంది. ఇప్పుడు ఇళ్లకు అమ్మే నాస్ పెట్టెల్లో, అంటే నేరుగా నెట్‌వర్క్‌కే తగిలించే డిస్కుల పెట్టెల్లో, చాలావాటి లోపల నడిచేది ఈ లినక్స్, సాంబా జోడీయే.

ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని ఒక లోపాన్ని పట్టుకునే 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ1ను మామూలుగా ఆపేసి ఉంచడం మొదలైంది.

చిక్కేమిటంటే, రూటర్ వెనక యూఎస్‌బీ పోర్టు నడిపే సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల ఇంకా ఆ పాత భాషే మాట్లాడుతుంది. లేకపోతే పాస్‌వర్డ్ లేకుండా 'గెస్ట్'గా ఎవర్నయినా లోపలికి రానిస్తుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ఈ గెస్ట్ ప్రవేశం మీద మరింత గట్టిగా పట్టు బిగించింది. నిన్నటిదాకా తెరుచుకున్న డ్రైవ్ అప్‌డేట్ తర్వాత తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇలాంటప్పుడు యూట్యూబ్‌లో దొరికే చిట్కా ఒకటే: ఫలానా సెట్టింగ్ ఆపేయండి, ఎస్ఎంబీ1 మళ్లీ ఆన్ చేయండి. తలుపు బిగుసుకుపోయిందని గడియ పీకేయడం లాంటి సలహా ఇది. పెట్టెకు కొత్త ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) దొరికితే వేసుకోవాలి, దొరక్కపోతే ఆ పోర్టును సినిమాలకు వాడుకుని బ్యాకప్‌కు ఇంకో దారి చూసుకోవాలి.

ఆ దారి ఖరీదైనదే కానక్కర్లేదు. సినాలజీ, క్యూనాప్ లాంటి రెండు డిస్కుల నాస్ పెట్టె కొంటే సగం తలనొప్పి తగ్గుతుంది, నిజమే. అటక మీద పడున్న పాత లాప్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ లాంటి నాస్ సాఫ్ట్‌వేర్ వేసినా పని జరుగుతుంది. లాప్‌టాప్‌కు ఇంకో సుగుణం ఉంది: కరెంటు పోతే సొంత బ్యాటరీ ఆదుకుంటుంది. అయితే ఏళ్ల తరబడి చార్జింగ్‌లోనే ఉంచిన పాత బ్యాటరీ ఉబ్బుతుంది. అడుగు రేకు కాస్త పైకి లేచినట్టు కనిపిస్తే దాన్ని తీసేయాల్సిందే. కరెంటు ఖర్చుకు పెద్దగా భయపడనక్కర్లేదు. 15 వాట్లు తాగే పెట్టె నెలంతా ఆన్‌లో ఉన్నా దాదాపు 11 యూనిట్లు.

రెండు డిస్కులు, ఒకే చావు

నాస్ కొన్నవాళ్లు మొదట గొప్పగా చెప్పుకునేది రెయిడ్ గురించి. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉంటుంది, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పద్ధతికి పేరు పెట్టిననాటి ఉద్దేశం వేరే. చౌక డిస్కులు కొన్నిటిని కలిపి ఒక ఖరీదైన డిస్కులా పనిచేయించడం, మధ్యలో ఒకటి పాడైనా పని ఆగకుండా చూడటం. పని ఆగకపోవడం ఆఫీసులకు ముఖ్యం. ఇంట్లో పెళ్లి ఆల్బమ్ ఓ రెండు రోజులు తెరుచుకోకపోతే కొంపలేమీ మునగవు.

లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ తన డిస్కులు ఎన్ని పాడవుతున్నాయో ఏటా బయటపెడుతుంది. 2024లో ఆ లెక్క 1.57 శాతం. అంటే ఏడాదికి వందలో ఒకటి, రెండు. రెయిడ్ కాపాడేది ఆ ఒకటి రెండిటి నుంచే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేయడం, పాత ఫైల్ మీద కొత్తది సేవ్ చేయడం, వైరస్, దొంగతనం, పైకప్పు లీకేజీ మిగతావన్నీ. మొదటి డిస్కులో ఫైల్ తుడిస్తే రెయిడ్ రెండో డిస్కులోనూ అదే క్షణంలో తుడుస్తుంది. దాని ఉద్యోగమే అది.

ఇంట్లో డబ్బు ఒక అదనపు డిస్కుకే సరిపోతే దాన్ని రెయిడ్‌లో పెట్టకుండా, విడిగా బీరువాలో ఉంచి నెలకోసారి కాపీ చేసుకోవడమే మేలు. నాస్ అమ్మే షాపువాళ్లకు ఈ మాట నచ్చకపోవచ్చు. డిస్క్ కొనేటప్పుడు ఒక్కటి చూసుకుంటే చాలు: సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని. సీఎంఆర్‌లో డిస్కు మీది ట్రాకులు విడివిడిగా ఉంటాయి, ఎస్ఎంఆర్‌లో పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పెద్దమొత్తంలో తిరగరాసేటప్పుడు ఎస్ఎంఆర్ డిస్కులు నత్తనడక నడుస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ నాస్ కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని, ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పలేదని బయటపడి పెద్ద గొడవే అయింది. రెడ్ ప్లస్ అనే పేరు వచ్చింది ఆ తర్వాతే.

సింక్ అంటే బ్యాకప్ కాదు

విండోస్‌లో రోబోకాపీ అనే పాత కమాండ్ ఉంది. దానికి 'మిర్' అనే ఆప్షన్ తగిలిస్తే ఇక్కడున్నది ఉన్నట్టుగా అక్కడ తయారవుతుంది. సింక్ అంటే ఇదే. రోజూ రాత్రి 11 గంటలకు నడిచేలా షెడ్యూల్ చేసి పెట్టేస్తే చక్కగా ఉంటుంది. ఇప్పుడు ఆ కంప్యూటర్ డి డ్రైవ్‌లో ఏదో తేడా వచ్చి ఫొటోల ఫోల్డర్ ఖాళీగా కనిపించిందనుకుందాం. రోబోకాపీకి అది ప్రమాదంలా తోచదు. ఇక్కడ ఏమీ లేదు కాబట్టి అక్కడా ఏమీ ఉండకూడదని తీర్మానించి, జెడ్ డ్రైవ్‌లోని పదేళ్ల ఫొటోలను శ్రద్ధగా ఊడ్చేస్తుంది. లినక్స్‌లో ఇదే పని చేసే ఆర్‌సింక్‌కు 'డిలీట్' ఆప్షన్ తగిలించినా ఇదే కథ. ఫోన్‌లో ఫొటో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోయిందని చాలామంది లబోదిబోమనేది కూడా ఈ తేడా తెలీకే. సింక్ చేసే ప్రోగ్రామ్ యజమాని మాట వింటుంది, యజమాని పొరపాటు కూడా వింటుంది.

బ్యాకప్ ఎలా ఉండాలో తెలుగువాళ్లకు చెప్పడానికి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే ఈసీ చాలు. స్థలం చేతులు మారినప్పుడు ఈసీలో పాత లావాదేవీని ఎవరూ కొట్టేయరు. కొత్తది వచ్చి చేరుతుంది. 1998లో ఎవరు కొన్నారో, 2011లో ఏ బ్యాంకులో తనఖా పెట్టారో అన్నీ అలాగే ఉంటాయి. బ్యాకప్ డ్రైవ్‌లో ఫైళ్ల చరిత్ర కూడా అలాగే ఉండాలి. నిన్నటి ఫైలూ ఉండాలి, పోయిన నెల ఫైలూ ఉండాలి. ఈరోజు కంప్యూటర్‌లో తుడిచేస్తే 'ఈరోజు నుంచి లేదు' అని ఇంకో వరస చేరాలి తప్ప నిన్నటి వరస పోకూడదు.

బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు) ఈ పనిని స్నాప్‌షాట్ల రూపంలో చేస్తాయి. ఇవి ఫైల్ మార్చినప్పుడు పాతదాని మీద రాయవు, కొత్త ముక్కను వేరేచోట రాస్తాయి. స్నాప్‌షాట్ తీయడమంటే 'ఈ క్షణాన ఏయే ముక్కలు వాడుకలో ఉన్నాయో అవి పారేయకు' అని డిస్కుకు చెప్పడమే. అందుకే ఒక టెరాబైట్ ఫోల్డర్‌కు స్నాప్‌షాట్ తీయడానికి సెకను కూడా పట్టదు, స్థలమూ పెద్దగా తినదు. మారిన ముక్కలకే అదనపు చోటు. అన్నిటికన్నా ముఖ్యం, స్నాప్‌షాట్‌ను కంప్యూటర్ నుంచి చూడొచ్చు, మార్చలేరు. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'ప్రీవియస్ వెర్షన్స్' ట్యాబ్ తెరిస్తే తేదీల వారీగా పాత కాపీలు కనిపిస్తాయి, నాస్‌లో ఆ సౌకర్యం ఆన్ చేసి ఉంటే. వాటిని తీసేయాలంటే నాస్ అడ్మిన్ పేజీలోకి వేరే పాస్‌వర్డ్‌తో వెళ్లాలి. కంప్యూటర్‌లో దూరిన రాన్సమ్‌వేర్ దగ్గర ఆ పాస్‌వర్డ్ ఉండదు, బ్రౌజర్‌లో సేవ్ చేసి పెట్టకపోతే.

రెండు షేర్లు, రెండు యూజర్లు

ఇది అర్థమయ్యాక పెట్టె సెటప్ చేయడం కష్టమేమీ కాదు. నాస్‌లో రెండు షేర్లు, అంటే నెట్‌వర్క్‌లో కనిపించే ఫోల్డర్లు, తెరవాలి. ఒకటి 'ఇల్లు', ఇంట్లో అందరూ వాడుకునేది. దాన్ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోవచ్చు. రెండోది 'బ్యాకప్'. దీనికో ప్రత్యేక యూజర్, ఎక్కడా వాడని పాస్‌వర్డ్. ఈ పాస్‌వర్డ్‌ను బ్యాకప్ ప్రోగ్రామ్‌లో మాత్రమే ఇవ్వాలి. విండోస్‌లో దీన్ని మ్యాప్ చేయకూడదు, ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి 'రిమెంబర్ మై క్రెడెన్షియల్స్' అన్న గడిలో టిక్కు అసలే పెట్టకూడదు. ఆ రెండో షేర్‌కు స్నాప్‌షాట్లు పెట్టాలి: రోజువారీవి ఓ 30, నెలవారీవి ఓ 12 ఉంటే ఇంటికి ధారాళంగా సరిపోతాయి. ప్రతి కంప్యూటర్‌కు ఇంత చోటేనని కోటా పెట్టడం మరవకూడదు. ముఖ్యంగా ఇంట్లో మ్యాక్ ఉంటే. దాని బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్ దొరికినంత చోటూ నింపుకుంటూ పోతుంది, మిగతావాళ్లకు నిలబడే జాగా కూడా మిగలదు.

విండోస్‌లో ఉచితంగా వచ్చే ఫైల్ హిస్టరీతో మొదలుపెట్టొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో దాక్కుని ఉంటుంది. గంటకోసారి మారిన ఫైళ్లను దాచి, పాత వెర్షన్లు కూడా ఉంచుతుంది. కానీ దాంతో మన ఇళ్లలో ఒక పెద్ద చిక్కుంది. అది మామూలుగా చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీలను మాత్రమే. మన దగ్గరేమో కంప్యూటర్ అసెంబుల్ చేసిన కుర్రాడు 'సి డ్రైవ్‌లో ఏమీ పెట్టకండి, ఫార్మాట్ చేస్తే పోతాయి' అని చెప్పిపోతాడు. ఆ మాటను రెండు తరాలు వేదవాక్కులా పాటిస్తున్నాయి. ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ డి డ్రైవ్‌లో 'న్యూ ఫోల్డర్ 2'లో ఉంటాయి. ఫైల్ హిస్టరీ దాని జోలికే పోదు. బ్యాకప్ రోజూ అయిపోతున్నట్టు చూపిస్తూనే ఉంటుంది. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఏదో ఒక లైబ్రరీలో కలిపితేనే అది లెక్కలోకి వస్తుంది.

ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లకు మెరుగైన ఏర్పాట్లున్నాయి. అర్‌బ్యాకప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో నాస్ వైపున్న సర్వరే వచ్చి కంప్యూటర్ నుంచి ఫైళ్లు తీసుకెళ్తుంది. కంప్యూటర్‌కు బ్యాకప్ ఫోల్డర్ తాళమే ఇవ్వనక్కర్లేదు. రెస్టిక్ అనే ప్రోగ్రామ్‌కు సర్వర్ వైపు 'అపెండ్ ఓన్లీ' అనే పద్ధతి ఉంది. కొత్తవి చేర్చవచ్చు, ఉన్నవి తీయకూడదు. గుడి హుండీ లాగా: వేసే చెయ్యికి తీసే వీలుండదు.

నాలుగు తీగల కథ

నెట్‌వర్క్ బ్యాకప్ మొదలుపెట్టి వారంలో మానేసినవాళ్లను కదిపితే ఎక్కువమంది చెప్పే కారణం 'స్లో'. తప్పు చాలావరకు పెట్టెది కాదు, వైరుది.

గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లాన్ మీద సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తాయి. ఒక టెరాబైట్ రెండున్నర గంటల్లో అయిపోతుంది. 100 ఎంబీపీఎస్ లింక్ అయితే సెకనుకు 11 మెగాబైట్లు, అదే టెరాబైట్‌కు పూర్తిగా ఒక రోజు. రెండు గోడల అవతల బలహీనంగా అందే వైఫై మీద సెకనుకు 5 మెగాబైట్లే వస్తే రెండు రోజుల పైమాటే. మధ్యలో లాప్‌టాప్ మూత వేశారా, అక్కడితో ఆగిపోతుంది.

లాన్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కనెక్షన్ ఇచ్చినప్పుడు తొందరలో ప్లగ్గులో నాలుగు తీగలే బిగించి వదిలేస్తే, లేదా మిగతా నాలుగింట్లో ఒకటి పిన్నుకు అందకపోతే, ఇంటర్నెట్ బ్రహ్మాండంగానే నడుస్తుంది. ప్లాన్ ఎలాగూ 50 లేదా 100 ఎంబీపీఎస్ కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నాస్ పెట్టిన రోజే బండారం బయటపడుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ తెరిచి 'లింక్ స్పీడ్' చూస్తే చాలు. 1000/1000 అని ఉంటే సరే. 100/100 అని ఉంటే ముందు ప్లగ్గును వెలుతురులో పెట్టి చూడాలి: పారదర్శకంగా ఉండే ఆ ప్లాస్టిక్ లోపల ఎనిమిది రంగులు కనిపించాలి. కనిపించినా 100 దగ్గరే ఆగితే అసలు రూటర్ పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి అయి ఉండొచ్చు. చౌక ఫైబర్ రూటర్లలో అది మామూలే. అప్పుడు చిన్న గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ ఒకటి కొని నాస్‌ను, కంప్యూటర్‌ను దానికే కలిపితే వాటి మధ్య రాకపోకలు రూటర్ పోర్టు మీద ఆధారపడవు.

మొదటి బ్యాకప్ ఒక్కటీ వైరు మీద చేయించి, తర్వాత వైఫైకి వదిలేయడం తెలివైన పని. రోజూ మారేది కొద్దిగానే కాబట్టి వైఫై సరిపోతుంది. వాట్సాప్ ఫోల్డర్ మాత్రం వైరు మీద కూడా ఏడిపిస్తుంది. సైజు తక్కువే అయినా వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు, ఒక్కొక్కదానికీ నెట్‌వర్క్‌లో విడిగా పలకరింపులు. అందులో సగం పూల బొకేల మీద రాసిన శుభోదయాలేనన్నది వేరే బాధ.

తెలుగు పేర్లతో వచ్చే తంటా

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు నెట్‌వర్క్ డ్రైవ్ రెండు విచిత్రమైన పరీక్షలు పెడుతుంది. ఇంగ్లిష్‌లో రాసిన గైడ్లలో వీటి ఊసు దాదాపుగా ఉండదు.

మొదటిది పొడవు. విండోస్‌లో ఫైల్ పేరు 255 గుర్తుల దాకా ఉండొచ్చు. నాస్ లోపలి లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు 255 బైట్లకు ఒప్పుకుంటాయి. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు కాబట్టి వాళ్లకు రెండూ ఒకటే. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. పైగా వత్తు, గుణింతం అన్నీ విడి గుర్తులే. 'లక్ష్మి' అన్న పేరు కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు గుర్తులు, 21 బైట్లు. మొత్తం పేరు 85 గుర్తులు దాటితే విండోస్‌లో హాయిగా ఉన్న ఫైల్ నాస్‌లోకి వెళ్లనని మొరాయిస్తుంది. అంత పొడవు పేరు ఎవరు పెడతారనిపించవచ్చు. బ్రౌజర్‌లో ఒక తెలుగు వార్తను సేవ్ చేసి చూడండి, హెడ్డింగ్ మొత్తం ఫైల్ పేరైపోతుంది. సినాలజీ పెట్టెల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన (కీ లేకుండా చదవలేని) షేర్డ్ ఫోల్డర్ అయితే పరిమితి ఇంకా తక్కువ, 143 బైట్లు. తెలుగులో 47 గుర్తులు.

రెండోది ఐత్వం. కంప్యూటర్లు అక్షరాలు రాసుకునే యూనికోడ్‌లో 'వై' అన్న అక్షరంలోని ఐత్వాన్ని రెండు రకాలుగా దాచుకోవచ్చు: ఒకే గుర్తుగా, లేదా పైన ఎత్వం, కింద చిన్న తోక అని రెండు ముక్కలుగా. కంటికి రెండూ ఒకటే. విండోస్, లినక్స్ టైప్ చేసినదాన్ని అలాగే ఉంచుతాయి. 2017లో ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ రాకముందు మ్యాక్ డిస్కులు దాన్ని విడగొట్టి రాసుకునేవి. అలాంటి పాత మ్యాక్ నుంచి ఆర్‌సింక్‌తో 'వైజాగ్ ట్రిప్' ఫోల్డర్‌ను నాస్‌లోకి పంపితే, అక్కడ అప్పటికే విండోస్ నుంచి వెళ్లిన 'వైజాగ్ ట్రిప్' పక్కన అచ్చంగా అదే పేరుతో రెండో ఫోల్డర్ పుడుతుంది. రెండు ఫోల్డర్లకు ఒకే పేరు ఎలా కుదిరిందా అని జుట్టు పీక్కోవడమే. ఆర్‌సింక్‌లో 'ఐకాన్వ్' ఆప్షన్ ఈ రోగానికే మందు. మందు గుర్తుండకపోతే ఫోల్డర్ పేర్లలో ఐత్వం లేకుండా చూసుకోవడం చిట్కా వైద్యం. 'విశాఖ ట్రిప్' అని రాస్తే ఏ గొడవా లేదు.

ఇంటి బయట ఒకటి

నాస్ సెటప్ అయ్యాక తర్వాతి కోరిక సహజంగా వస్తుంది: ఆఫీసు నుంచి, ఊరి నుంచి కూడా తెరుచుకోవాలి. అమ్మేవాళ్లు దీన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అనే ఇంటి డ్రైవులు వాడేవాళ్లు చాలామంది ఓ పొద్దున చూసుకుంటే అంతా ఖాళీ. ఇంటర్నెట్ మీదుగా ఎవరో వాటిని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ 2015లో వచ్చింది, అయినా ఆరేళ్లుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా కూర్చుని ఉంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల మీద పడి, 0.03 బిట్‌కాయిన్ ఇస్తే తాళం తీస్తానంది. అసలు కంప్యూటర్‌తో పని లేకుండా నేరుగా బ్యాకప్ పెట్టెకే వచ్చిన దొంగలు వీళ్లు. ఇంట్లోవాళ్లకు కూడా ఇవ్వకుండా దాచిన తుడిచే అధికారాన్ని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, అంటే బయటి నుంచి నేరుగా పెట్టెకు దారి తెరిచి, ప్రపంచానికంతా పంచిపెట్టడం అంటే ఇదే.

మన దేశంలో చాలా ఇంటర్నెట్ కంపెనీలు సీజీనాట్ పద్ధతిలో ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాను) ఎన్నో ఇళ్లకు పంచుతాయి. దానివల్ల పోర్ట్ ఫార్వర్డింగ్ చాలా ఇళ్లలో ఎలాగూ పనిచేయదు. ఇది ఒకందుకు మంచిదే అయింది. బయటి నుంచి తప్పనిసరిగా కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మన పరికరాల మధ్య ప్రైవేటు దారి) వాడుకోవచ్చు. సీజీనాట్ ఉన్నా నడుస్తుంది, దారిన పోయేవాళ్లకు పెట్టె కనిపించదు. గుంటూరులో అమ్మానాన్నల ఇంట్లో ఒక పెట్టె, డల్లాస్‌లో కొడుకు ఇంట్లో ఒక పెట్టె పెట్టి, ఒకదాని బ్యాకప్ రెండోదానిలో దాచుకునే ఏర్పాటు దీంతో తేలిక. ఇక్కడ రాత్రి అయితే అక్కడ పగలు, ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు కూడా.

ఇంటి బయట ఒక కాపీ ఎందుకో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు మునిగిన విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌ను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో కంప్యూటరూ, దాని కిందే నాస్ ఉంటే రెండూ ఒకే నీళ్లలో ఉంటాయి. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట అన్న 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. దాన్ని పాటించడానికి నెలనెలా క్లౌడ్‌కు డబ్బు కట్టడం ఒక పద్ధతి. అందులో కొన్ని సర్వీసులు 'ఆబ్జెక్ట్ లాక్' ఇస్తాయి, పెట్టిన గడువు తీరేదాకా యజమాని కూడా తుడవలేడు. అయితే మొదటిసారి 2 టెరాబైట్లు పైకి పంపేముందు ప్లాన్ చూసుకోవాలి. అన్‌లిమిటెడ్ అని రాసిన చాలా ప్లాన్లకు నెలకు 3.3 టెరాబైట్ల గీత ఉంటుంది, అప్‌లోడ్ కూడా దాని కిందికే వస్తుంది.

రెండో పద్ధతికి నెల అద్దె లేదు. రెండు పోర్టబుల్ డిస్కులు కొని, ఒకటి నాస్‌కు తగిలించి కాపీ తీసి, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సంచిలో వేసుకుపోవడం. దసరాకు వెళ్లినప్పుడు రెండోది అక్కడ పెట్టి మొదటిది వెనక్కి తెచ్చుకోవడం. ఊళ్లో బీరువాలో ఉన్న డిస్కును ఏ రాన్సమ్‌వేరూ తుడవలేదు, దానికి వైరే లేదు. తొమ్మిది నెలల పాతదే కావచ్చు. కాబట్టి అది చివరి ఆసరా, మొదటిది కాదు.

తెరిచే అధికారం

ఇంటికి దొంగలు వస్తే నాస్ పెట్టె కూడా పట్టుకుపోతారు, ఊరికి తీసుకెళ్లే డిస్క్ బస్సులో పోవచ్చు. అందుకే డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేయమంటారు. మంచి సలహాయే. కానీ ఇప్పటిదాకా తుడిచే అధికారాన్ని ఒక్కో తాళం వేసి తగ్గించుకుంటూ వచ్చాక, చివరికి తెరిచే అధికారం కూడా ఒక్కరి బుర్రలోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఈ యవ్వారమంతా చూసే మనిషి ఆస్పత్రిలో ఉంటే, లేదా లేకపోతే, మిగతావాళ్లకు అది మెరిసే లైట్లున్న నల్లపెట్టె మాత్రమే. అప్పుడే ఇన్సూరెన్స్ కాగితాలూ, బ్యాంకు వివరాలూ అందులోంచి కావాల్సి వస్తాయి.

దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద నాస్ అడ్మిన్ పేజీ అడ్రసు, దాని యూజర్, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ కీ, లాప్‌టాప్ డిస్కుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ రికవరీ కీలోని 48 అంకెలు, ఊళ్లో డిస్క్ ఏ బీరువాలో ఉందో రాసి, ఎల్ఐసీ బాండ్ల ఫైల్లో పెట్టడమే. స్కాన్ చేసి నాస్‌లో దాచుకునే తెలివితక్కువ పని చేసేవాళ్లూ ఉంటారు, తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు.

ఆ కాగితం పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక ఆదివారం చాలు. సెటప్ చేసిన మనిషి పక్కన కూర్చుని నోరు మెదపకూడదు. ఇంట్లో ఇంకొకరు ఆ కాగితం పట్టుకుని, పోయిన నెల తేదీలోంచి ఒకే ఒక్క ఫైల్, పాస్‌బుక్ స్కాన్ అనుకోండి, వేరే కంప్యూటర్‌లోకి వెనక్కి తెచ్చి తెరవాలి. మొదటిసారి దాదాపు ఎవరికీ కుదరదు. పాస్‌వర్డ్‌లో సున్నా అనుకున్నది ఓ అయి ఉంటుంది, లేదా కాగితం రాశాక పాస్‌వర్డ్ మార్చి ఉంటారు. దిద్దుకుని, మళ్లీ సంక్రాంతికి డిస్క్ మార్చేటప్పుడు ఇంకోసారి చూసుకుంటే సరి.